చిన్న కారు – చిన్న పందెము

మోటారు పందెమన్నంతనే మన యిండ్లలో పెద్దలు నొసలు చిట్లింతురు. అది కలిగినవారి బిడ్డల చాపల్యమనియు, ప్రాణమునకు ముప్పనియు, ఆడువారికి బొత్తుగా తగనిదనియు వారి యభిప్రాయము. కొలది కాలము క్రిందటివరకు మా యభిప్రాయమును అదియే. అట్టి మేము ఏబదియవ యేటికి చేరువలో తలకు హెల్మెట్టు తగిలించుకొని, బియ్యము, కూరలు తెచ్చుకొను ఇంటి కారుతోనే ఒక పందెములో పాల్గొంటిమన్నచో సోదరీమణులు నవ్వుకొందురేమో! నవ్వినను సరే. ఆ పందెమునకు కారును సిద్ధపరచుటలో మేము నేర్చుకొన్న సంగతులు, పందెము మొగము చూడని గృహిణులకు గూడ పనికివచ్చునవి. కావున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా భయము

మేము వివాహమైన పిదప గుంటూరు విడిచి అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకు వచ్చితిమి. డల్లాసు నగరమునకు సమీపమున మా కాపురము. ఇచట కారు లేనిదే పాలుగూడ తెచ్చుకొనలేము. కావున ముప్పదియేండ్లు దాటిన పిదప, ఇష్టము లేకున్నను, కారు నడుపుట నేర్చుకొంటిమి. మా బండి 2009వ సంవత్సరపు హోండా ఫిట్ స్పోర్ట్. మన దేశములో జాజ్ అను పేరుతో అమ్మిన కారే యిది. ఇంజను మాత్రము ఇచట పెద్దది. వెనుక తలుపు పైకి లేచు చిన్న హ్యాచ్‌బ్యాక్. బరువు సుమారు 1,130 కిలోలు. శక్తి 117 అశ్వములు.

2021వ సంవత్సరము డిసెంబరు నెలలో ఒక రాత్రి, సెలవులకు వచ్చుచున్న మా అమ్మాయిని విమానాశ్రయము నుండి తీసికొని వచ్చుచుంటిమి. వాన కురియుచుండెను. పెద్ద రోడ్డు నుండి దిగు వంకర దారిలో, వేగము కొంచెము హెచ్చైనదని తోచి, భయపడి, మలుపు నడుమ చటుక్కున బ్రేకు త్రొక్కితిమి. మరుక్షణమున కారు వెనుకభాగము పక్కకు జారి, బొంగరము వలె ఒకటిన్నర చుట్టు తిరిగి, గడ్డిలో నిలిచినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. కారునకు గీత గూడ పడలేదు. కాని మాకు మాత్రము గుండె చెదరినది.

ఆనాటి నుండి చినుకు పడిన దినమున మేము స్టీరింగు ముట్టలేదు. మా వారు తమ పని మానుకొని మమ్ము ఉద్యోగమునకు దింపుచుండిరి. ఏడాది గడచినది. అంతలో వారికి కంటిచూపు మందగించి, రాత్రివేళ కారు నడుపరాదని వైద్యులు చెప్పిరి. ఇక ఆ యింట నడుపవలసినవారము మేమే. అమ్మాయి చదువు నిమిత్తము దూరమున నుండును. వాన పడని ఊరునకు పోయి కాపురము పెట్టలేము గదా!

ఆ సంక్రాంతి సెలవులలో మా అమ్మాయి యిట్లనెను: “అమ్మా, నీవు భయపడునది వానకు కాదు. ఆ రాత్రి కారు ఎందుకు తిరిగినదో నీకు తెలియదు. తెలియనిదానికే నీ భయము. తెలిసికొందము రా.” ఆ పిల్ల కళాశాలలో యంత్రశాస్త్రము చదువుచు, అచటి మోటారు సంఘమున చేరియుండెను. తెలిసికొనుటకు ఆమె చూపిన చోటు ‘ఆటోక్రాస్’ అను పందెపు మైదానము.

ఈ పందెమెట్టిది?

ఇది చలనచిత్రములలో చూపునట్లు కారును కారు ఒరసికొని పరుగెత్తు పందెము కాదు. విశాలమైన సిమెంటు మైదానములో నారింజ రంగు కోనులు నిలిపి, వానితో మలుపుల దారి యొకటి ఏర్పరతురు. ఎవరి పరుగు వారిదే. దగ్గర మరియొక కారుండదు. బయలుదేరినది మొదలు గీటు దాటువరకు పట్టిన కాలమును సెకనులో వెయ్యవ వంతు వరకు యంత్రము కొలుచును. పరుగు సాధారణముగా ఒక నిమిషము లోపల ముగియును. కోనును పడగొట్టినచో కోనునకు రెండేసి సెకనులు కాలమునకు చేర్తురు. దారి తప్పినచో ఆ పరుగు లెక్కకు రాదు. ప్రతివారికిని కొన్ని పరుగులు దొరకును. వానిలో మేలైనదే లెక్క. వేగము గూడ మనము పెద్ద రోడ్లపై పోవు వేగమును మించుట అరుదు. తప్పు జరిగినచో ఒక ప్లాస్టికు కోను పడును, అంతే నష్టము.

అమెరికాలో ఈ పందెములను విరివిగా జరుపునది 1944లో స్థాపింపబడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. ఆ సంస్థ దీనిని ‘సోలో’ అని పిలుచును. నెబ్రాస్కా రాష్ట్రములోని లింకన్ పట్టణమున 2009 నుండి జరుగుచు వచ్చిన జాతీయ పోటీకి వేయిమందికి పైగా వచ్చిన యేండ్లు గలవు. స్త్రీలకు ప్రత్యేక తరగతులు గలవు. కోరినవారు పురుషులతో కలిసియు పోటీ చేయవచ్చును.

చిన్న కారుతో పందెమేమిటని కొందరు పరిహసింతురు. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు చక్రములు పది అంగుళములే. అట్టి మినీ కూపరుతో 1962లో హాలెండు దేశపు ట్యులిప్ ర్యాలీని గెలిచినది పాట్ మాస్ అను ఆంగ్ల వనిత. ఇంజనును అడ్డముగా పెట్టి, ముందు చక్రములచే బండిని లాగించు మినీ పద్ధతియే నేటి చిన్న కార్లలో పెక్కింటికి ఒరవడి. తేలికదనము, పొట్టితనము మలుపులలో గుణములే గాని లోపములు కావు.

మొదటి పని: చూచుట

కారును సిద్ధపరచుట యనగా ఏవో ఖరీదైన వస్తువులు కొని బిగించుట యని మేమనుకొంటిమి. మా అమ్మాయి మొదటి దినమున ఒక్క పైస ఖర్చు చేయనీయలేదు. కారు క్రింద, లోపల, చుట్టును చూపించినది. పందెమునకు ముందు పరీక్షకులు చూచునవియు ఇవియే: చక్రముల నట్లు సరిగా బిగిసియున్నవా? చక్రమును పట్టి ఊపిన వదులు కనిపించునా? బ్యాటరీ కదలక నిలిచియున్నదా? బ్రేకు పెడలు గట్టిగా నున్నదా, మెత్తగా లోనికి దిగుచున్నదా? నూనె, నీరు కారుచున్నవా? సీటు బెల్టులు చిరుగకున్నవా? త్రొక్కి విడిచిన యాక్సిలరేటరు వెంటనే పైకి వచ్చుచున్నదా? లోపల దొర్లు వస్తువేదియు ఉండరాదు. మా కారు సీటు క్రింద నుండి ఒక నీళ్ళ సీసా, రెండు చింతపండు పొట్లములు, పూజకని కొన్న కొబ్బరికాయ ఒకటి బయటపడినవి. మలుపులో ఆ కొబ్బరికాయ దొర్లి బ్రేకు పెడలు క్రింద చేరినచో గతియేమి? పందెమునకు పోకున్నను ఈ పరీక్ష నెలకొకసారి ప్రతి గృహిణియు చేయదగినది.

చక్రపు నట్లు చేతి బలము కొలది బిగింపరాదనియు అప్పుడే తెలిసినది. మా కారునకు 108 న్యూటను మీటర్ల బిగువు ఉండవలెనని తయారీదారులు నిర్ణయించిరి. దానిని టార్కు రెంచితో కొలిచి బిగించుదురు. తక్కువైన ఊడును, ఎక్కువైన మర దెబ్బతినును.

పిదప టైర్ల లోతు కొలిచినది. ముందు టైర్ల గాడులు అయిదు మిల్లీమీటర్లు, వెనుకవి రెండున్నర. టైరు గాడులలో అచ్చటచ్చట చిన్న దిమ్మెలుండును. 1.6 మిల్లీమీటర్ల వరకు అరిగిన యెడల ఆ దిమ్మెలు నేలతో సమమగును. అప్పుడు టైరు ఆయువు తీరినట్లే. మావి ఆ గతికి చేరువయ్యెను. “అమ్మా, కొత్త టైర్లు ఎప్పుడు వేయించితివి?” అని అడిగినది. పాత బిల్లులు వెదకితిమి. వాన రాత్రికి పదునైదు దినములకు ముందు, ఒక దుకాణమున రెండు కొత్త టైర్లు ముందు చక్రములకు వేసి, అరిగినవానిని వెనుకనే ఉంచిరి. మేము అడుగలేదు, వారును చెప్పలేదు.

ఆ బిల్లు చేతబట్టుకొని మా అమ్మాయి చెప్పిన మాట మేము మరువలేము. గాడులు నీటిని బయటికి నెట్టును. లోతు లేని గాడి నీటిని నెట్టలేదు. టైరు నీటిపై తేలి పట్టు విడుచును. ముందు టైర్లు పట్టు విడిచినచో కారు తిన్నగా పోవజూచును. కాలు నెమ్మదిగా తీసినచో మరల పట్టు వచ్చును. వెనుక టైర్లు ముందుగా విడిచినచో కారు గిరగిర తిరుగును. అందుచేతనే రెండే కొత్త టైర్లు కొన్నప్పుడు, ముందు చక్రములచే నడచు కారుకైనను, వానిని వెనుకనే వేయవలెనని టైర్ల తయారీదారులు చెప్పుదురు. మాది అందుకు విరుద్ధముగా జరిగినది. దానికి తోడు మలుపులో బ్రేకు త్రొక్కితిమి. బరువంతయు ముందునకు ఒరిగి, అసలే అరిగిన వెనుక టైర్లు తేలికపడినవి. జారుడును ఆపు విద్యుత్ సాధనము ఆనాటి మా కారులో లేదు. అమెరికాలో అది 2012వ సంవత్సరపు కార్ల నుండి తప్పనిసరి యైనది.

ఏడాది కాలము మేము మా చేతకానితనమని కుమిలినదానిలో సగము ఒక బిల్లులోనుండెను! తక్కిన సగము మా పాదములోనున్నది. దానిని సరిదిద్దుటకే మైదానమునకు పోయితిమి.

మొదటి పరుగులు

2023వ సంవత్సరము వసంతమున, నాలుగింటికిని ఒకేరకపు మామూలు టైర్లు వేయించి, మరే మార్పును లేకుండ కారును తీసికొని పోయితిమి. తెల్లవారుజామున పులిహోర కట్టుకొని బయలుదేరితిమి. హెల్మెట్టు సంఘమువారే ఎరువిచ్చిరి. పరుగునకు ముందు అందరును కాలినడకన దారియంతయు తిరిగి చూతురు. తమ వంతు కానప్పుడు ప్రతివారును మైదానములో నిలిచి, పడిన కోనులు ఎత్తిపెట్టవలెను. వైద్యుడైనను, విద్యార్థియైనను, మన మెరుగని లక్షాధికారియైనను కోను నెత్తుట తప్పదు. ఈ నియమము మాకెంతో నచ్చినది.

మొదటి పరుగు 68 సెకనులు. అందులో దారి వెదకుటకే సగము పోయెను. అయిదవ పరుగు 61.9. అప్పుడొక అరువదియేండ్ల అమెరికను వనిత, కొత్తవారికి నేర్పునామె, మా అనుమతితో మా కారునే నడిపినది. మేము పక్కన కూర్చుంటిమి. అదే కారు, అవే టైర్లు, అదే దారి: 55.3 సెకనులు! ఆ యమ్మ చేతులు తొందరపడలేదు. ఇంజను అరవలేదు. చూచువారికి మేమే వేగముగా పోయినట్లుండును.

మేము కారు దిగి చాలసేపు మాటాడలేదు. ఆ ఆరున్నర సెకనులను ఏ దుకాణములోను అమ్మరు.

ఆమె నేర్పిన సూత్రమును మేము మన లెక్కలోనికి మార్చుకొంటిమి. కారు నేలను తాకునది నాలుగు అరచేతులంత మేర మాత్రమే. ఆ నాలుగు అరచేతుల పట్టు ఇంటికి వచ్చు నెలజీతము వంటిది. బ్రేకునకు కొంత, మలుపునకు కొంత, వేగమునకు కొంత. మొత్తము మాత్రము పెరుగదు. బ్రేకుకే జీతమంతయు ఖర్చు చేసినవారికి మలుపునకు మిగులదు. అప్పు చేసినచో కారు జారును. కావున మలుపు రాకముందే, తిన్ననిదారిలోనే బ్రేకు త్రొక్కి, మెల్లగా విడుచుచు, అప్పుడు తిప్పవలెను. చూపు ముందున్న కోనుపై గాక దాని తరువాతి కోనుపై నిలువవలెను. చూచినచోటికే చేతులు పోవును.

కారును దిద్దుట

ఇక అసలు సంగతికి వత్తుము. ఈ పందెములలో కార్లను తరగతులుగా విభజింతురు. మామూలు తరగతిలో కొలది మార్పులే చెల్లును. అంతకు మించి యొక స్ప్రింగు మార్చినను, బాగుగా దిద్దిన కార్ల తరగతిలో పడుదుము. కావున ఏది కొనుటకును ముందు ఆ యేటి నియమముల పుస్తకము చదువవలెను. నియమములు ఏటేట మారుచుండును. ఇది చదువక వేలు పోసి, గెలుపునకు ఎడమైనవారు పెక్కుమంది గలరు.

మేము మాకొక నియమము పెట్టుకొంటిమి. ప్రతి మార్పునకును ముందు, “ఇది సోమవారపు వానలో ఏమి చేయును?” అని ప్రశ్నించుట. ఆదివారము పందెమాడిన కారే సోమవారము ఉద్యోగమునకు పోవలెను.

మొదటిది టైర్లు. పందెమునకు వాడు టైర్లు మెత్తని రబ్బరువి. అరుగుదలను తెలుపు అంకె టైరు పక్కన ముద్రించియుండును. మా తరగతిలో అది 200కు తగ్గరాదు. మా కారునకు వచ్చినవి పదునారు అంగుళముల చక్రములు, 185/55 కొలత టైర్లు. మేము అదే వెడల్పు గల పదునైదు అంగుళముల పాత చక్రములు నాలుగు కొని, 205/50 కొలత టైర్లు వేయించితిమి. లెక్క చూడగా టైరు వ్యాసము 24 మిల్లీమీటర్లు తగ్గినది. అందుచే కారు 12 మిల్లీమీటర్లు నేలకు దిగినది. చిన్న చక్రము త్వరగా తిరుగును గాన బయలుదేరుటలో చురుకు హెచ్చినది. ఈ టైర్లు చలికి గట్టిపడును, వేగముగా అరుగును. కావున నిత్యము వాడరాదు. ఇచటనే హ్యాచ్‌బ్యాక్ గొప్పతనము తెలిసినది. వెనుక సీటు మడచినచో నాలుగు చక్రములు, జాకీ, రెంచి, పులిహోర డబ్బాతో సహా లోపల పట్టినవి. ఫిట్ కారునకు పెట్రోలు ట్యాంకు ముందు సీట్ల క్రింద నుండుటచే వెనుక అంత చోటు కలిగినది. మైదానము చేరి చక్రములు మార్చుకొనుట, సాయంత్రము మరల మార్చుకొనుట. తల్లీకూతుండ్రము అరగంటలో ముగించుచుంటిమి.

ఒక అభ్యాస దినమున, మారని దారిపై, ఉదయము మామూలు టైర్లతోను, మధ్యాహ్నము ఈ టైర్లతోను పరుగెత్తి చూచితిమి. మాకు సుమారు రెండు సెకనులు కలిసివచ్చినవి. మేము పెట్టిన ఖర్చులలో ఇంతటి ఫలము మరి దేనివలనను రాలేదు.

రెండవది గాలి. దీనికి ఖర్చు లేదు. మంచి గేజి యొకటి చాలును. మా కారు తలుపు వద్ద 33 పౌండ్లని వ్రాసియుండును. మలుపులలో టైరు పక్కకు ముడుచుకొనకుండ పందెమునకు కొంచెము హెచ్చింతురు, టైరుపై ముద్రించిన గరిష్ఠపు హద్దు దాటకుండ. ఎంత హెచ్చింపవలెనో టైరే చెప్పును. టైరు అంచున సుద్దతో గీతలు గీసి పరుగెత్తవలెను. సుద్ద అంచు దాటి పక్క గోడవరకు చెరిగినచో గాలి తక్కువ. అంచువద్దనే చెరుగక నిలిచినచో ఎక్కువ. మాకు ముందు 38, వెనుక 42 అనుకూలించినవి. పరుగు పరుగునకు టైరు వేడెక్కి గాలి రెండు మూడు పౌండ్లు పెరుగును, దానిని తీసివేయుచుండవలెను. ఈ సుద్ద పరీక్ష చూచినప్పుడు మాకు వాకిట ముగ్గు పెట్టిన దినములు జ్ఞప్తికి వచ్చినవి.

వెనుక గాలి ఏల హెచ్చు? మా కారు బరువులో నూటికి అరువది పాళ్ళకు పైగా ముందు చక్రములపైననే యుండును. వానికే లాగుట, వానికే తిరుగుట, బ్రేకులో పెద్ద భాగమును వానికే. ఇంటి చాకిరి యంతయు ఒక కోడలిపై పడినట్లు! అందుచే ముందు టైర్లు అలసి, తిప్పినను కారు తిరుగక వెడల్పుగా పోవును. వెనుక గాలి హెచ్చించినచో వెనుక భాగము కొంచెము వదులై, కారు తిరుగుటకు సాయపడును.

మూడవది చక్రముల వాలు. మలుపులో కారు ఒరగును. దానితో టైరును ఒరిగి బయటి అంచుపై నిలుచును. కాళ్ళు ఎడముగా మోపి నిలుచున్న మల్లుని వలె, ముందు చక్రముల పైభాగము లోనికి కొంచెము వాలియుండినచో మలుపులో టైరు నిండుగా నేలను పట్టును. దీనిని క్యాంబరందురు. మా కారులో దానిని సరిచేయుటకు వేరే సాధనము లేదు. బోల్టుల రంధ్రములలోనున్న కొలది సందును ఉపయోగించి, వీల్ అలైన్‌మెంటు చేయువానిచే దొరికినంత వాలు రెండు పక్కల సమముగా పెట్టించితిమి. చక్రముల ముందు భాగములను కొంచెము వెలుపలికి చూచునట్లు పెట్టినచో కారు చురుకుగా తిరుగును. కాని పెద్ద రోడ్డుపై అది నిలకడ లేక అటునిటు లాగును. టైర్ల లోపలి అంచులను తినివేయును. సోమవారపు ప్రశ్న అడిగి, దానిని వలదంటిమి. తిన్నగానే ఉంచితిమి.

నాలుగవది మా తల్లీకూతుండ్ర నడుమ వివాదము తెచ్చినది. ఎడమ, కుడి చక్రములను కలుపు ఉక్కు కడ్డీ యొకటి యుండును. దానిని యాంటీ రోల్ బార్ అందురు. అది కారు ఒరగుటను తగ్గించును. వెనుక దృఢమైన కడ్డీ వేసినచో ముందు లోపలి టైరు నేలను బాగుగా పట్టును. చిన్న కార్ల పందెగాండ్రు తొలుత కొను వస్తువులలో నిది యొకటి. అమ్మాయి దానిని కొనవలసినదే యనెను. “సోమవారము వానలో అది వెనుక చక్రముల నేమి చేయును?” అని అడిగితిమి. ఆ పిల్ల ఒక్క క్షణమాగి, “వెనుకభాగము సులభముగా జారును” అని ఒప్పుకొనెను. మేము జారిన చోటు అదే గదా! వెనుక గాలి సాయంత్రము తీసివేయవచ్చును; బిగించిన కడ్డీని సాయంత్రము విప్పుట మావలన కాదు. కడ్డీ కొనలేదు. దానివలన మాకు కొంత కాలము పోయియుండవచ్చును. ఆ పోయినదానికి మేమెన్నడును విచారింపలేదు.

ఇక చిన్న సంగతులు. స్టెప్నీ, పనిముట్లు దింపితిమి, బరువు తగ్గినది. బ్రేకు నూనె మార్పించితిమి. పాతబడిన నూనె తేమ పీల్చి, వేడికి పెడలు మెత్తబడును. సీటును వెనుకకు జరిపి, బెల్టు పెట్టుకొని, చటుక్కున లాగి బిగిసినప్పుడు సీటును ముందునకు తెచ్చినచో నడుము కదలదు. మలుపులో స్టీరింగును ఆసరాగా పట్టుకొని వ్రేలాడు చేతులు బండిని తిప్పలేవు. శరీరమును సీటు మోయవలెను, చేతులు కావు.

చేయనివి గూడ చెప్పవలెను. గట్టిగా అరచు సైలెన్సరు కొనలేదు. స్ప్రింగులు కోయించలేదు, కోసిన స్ప్రింగు తన చోట నిలువక ప్రమాదము తెచ్చును. రెండు మార్పులు ఒక దినమున చేయలేదు. ఉప్పు, పులుపు, కారము మూడును ఒక్కసారి మార్చి, చారు బాగుపడినదెందువలననో చెప్పగలవారెవ్వరు? ప్రతి పరుగునకును గాలి, ఎండ, కాలము, చేసిన తప్పు ఒక నోటు పుస్తకములో వ్రాసితిమి. పాలలెక్క వ్రాయు చేతికి అది క్రొత్తపని కాదు.

వాన వచ్చిన దినము

ఆ శరదృతువున ఒక ఆదివారము మైదానమున వాన కురిసెను. పందెము ఆపలేదు. మేము ఇంటికి పోదమంటిమి. అమ్మాయి ఏమియు అనలేదు. నేర్పినామె వచ్చి, “ఇచట పడునది కోను మాత్రమే” అనెను. వెనుక గాలి దింపి బయలుదేరితిమి. రెండవ పరుగులో ఆ పాత పొరపాటునే బుద్ధిపూర్వకముగా చేయించిరి: మలుపులో కాలు చటుక్కున తీయుట. వెనుకభాగము పక్కకు కదలుట వెన్నులో తెలిసినది. ఈమారు బ్రేకు త్రొక్కలేదు. చూపును పోవలసినవైపు నిలిపి, చేతులను అటే పోనిచ్చితిమి. కారు సర్దుకొనెను. రెండు కోనులు పడినవి. నాలుగు సెకనుల శిక్ష. ఆ దినమున మా తరగతిలో కడపటినుండి రెండవ స్థానము మాది. సంవత్సరాంతమునకు నేర్పినామె కాలమునకును మా కాలమునకును ఎడము ఆరున్నర సెకనుల నుండి మూడునకు తగ్గెను.

మన దేశములో ఈ యాట నాడగోరు సోదరీమణులు, మోటారు క్రీడల జాతీయాధికార సంస్థయైన ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా అనుమతితో జరుగు పోటీలకే పోవలెను. నడివీధిలోను, ఊరి బయటి రోడ్డుపైనను ఇట్టి అభ్యాసము చేయుట నేరము. అంతకు మించి పాపము. అచట పడునది కోను కాదు, ఎవరి బిడ్డయో.

పోయిన సంవత్సరము వానకాలపు రాత్రి మా వారిని కంటి వైద్యశాల నుండి ఇంటికి తెచ్చుచుంటిమి. పెద్ద రోడ్డు దిగు ఆ వంకర దారియే వచ్చినది. తిన్ననిచోటనే వేగము తగ్గించుకొని, మెల్లగా తిప్పి, దిగితిమి. కంటికి కట్టుతో పక్కన కూర్చున్న మా వారు, “వాన వెలిసినదా?” అని యడిగిరి.

“లేదండీ, కురియుచునే యున్నది” అంటిమి.

సోదరీమణులు పందెములకు పోయినను, పోకున్నను, రేపు ఉదయమున కారు తీయుటకు ముందు ఒకసారి వంగి నాలుగు టైర్లను చూతురు గాక! ముందుగా వెనుకవానిని.